అతుకుల వైరు

ఇల్లు ఇంత పాతదని ఏసమ్మకు తెలిసింది దేవదానం మంచం పట్టాకే.

గిర్మాజీపేటలోని ఆ పెంకుటింట్లో వాళ్లు పందొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్నారు. ముందు రెండు గదులు, వెనక వంట చేసుకునే వసారా, పెరట్లో స్నానాల గది. అన్నీ సున్నం గోడలు. చెయ్యి ఆనిస్తే అరచేతికి తెల్లటి పొడి అంటుతుంది. ఇన్నేళ్లలో నల్లా కారినా, బల్బు మాడినా, తలుపు గడియ జారినా ఆమె కంటపడకముందే దేవదానం చూసేవాడు. సాయంత్రం పని నుంచి వచ్చి, చొక్కా విప్పి తగిలించి, చాయ్ మరిగేలోపు ఇంట్లో ఒక చుట్టు తిరిగేవాడు. ఎక్కడో ఒకచోట ఒక మర బిగించేవాడు. ఆ తిరుగుడు అతనికి కాళ్లు చేతులు కడుక్కోవడం లాంటి అలవాటని ఏసమ్మ అనుకుంది తప్ప, ఇల్లు నిలబడి ఉన్నది దానివల్లేనని ఏనాడూ అనుకోలేదు.

దేవదానం ముప్పై ఏళ్లు కరెంటు పని చేశాడు. వరంగల్ చౌరస్తా చుట్టూ ఉన్న పాత దుకాణాల్లో చాలావాటికి వైరింగ్ వేసింది అతనే. పరకాల రైసుమిల్లులో మోటారు మొరాయిస్తే బస్సెక్కి వెళ్లి బాగుచేసి వచ్చేవాడు. అలాంటి మనిషి మార్చి నెలలో ఒక పొద్దున పెరట్లో పళ్లు తోముకుంటూ కూలబడ్డాడు. సర్కారు దవాఖానలో ఇరవై రోజులు ఉంచారు. ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఉన్నాయి. మాట కూడా పోయింది. ఎందుకోగానీ ఒక్క మాట మాత్రం మిగిలింది. “ఆగు.”

ఆకలైనా “ఆగు”, దాహమైనా “ఆగు”. దుప్పటి కప్పమన్నా తీసెయ్యమన్నా అదే మాట. ఏ “ఆగు”కు ఏం అర్థమో పోల్చుకోవడం ఏసమ్మకు నెల రోజుల్లో వచ్చేసింది. కూతురు దివ్య కేసముద్రం నుంచి వచ్చి పదిహేను రోజులుండి, చంటిపిల్లను చూసుకోవాలి కాబట్టి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఇక ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఏసమ్మ చీరలకు ఫాల్ కుడుతూ, మధ్యమధ్య లేచి అతన్ని పక్కకు తిప్పుతూ, మళ్లీ వచ్చి మిషన్ ముందు కూర్చునేది.

అతను మంచం పట్టిన రెండో నెల నుంచి ఒక్కొక్కటే బయటపడసాగాయి. ముందు నల్లా. రాత్రీ పగలూ టప్ టప్‌మని కారుతుంటే కింద గిన్నె పెట్టింది. గిన్నె నిండిపోతుంటే బకెట్ పెట్టింది. మూడోరోజు దేవదానం మంచం మీద నుంచి గట్టిగా “ఆగు” అన్నాడు. ఎడమ చేత్తో అటక కింద ఉన్న రేకు పెట్టె చూపించాడు. ఏసమ్మ అందులోంచి ఒక్కో సామానూ తీసి పైకెత్తి చూపిస్తుంటే, కాదు కాదన్నట్టు తల ఆడించి, చివరకు పాత సైకిల్ ట్యూబు ముక్క దగ్గర ఆపాడు. దాన్ని రూపాయి బిళ్లంత గుండ్రంగా కత్తిరించి నల్లాలో పెట్టడానికి ఆమెకు పూట పట్టింది. చీరంతా తడిసిపోయింది. నీళ్లు ఆగిపోయాయి. దేవదానం మూతి సగం పక్కకు జరిగింది. దవాఖాన నుంచి వచ్చాక అతను నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత ఫ్యూజు పోయింది. మే నెల ఎండలో, మధ్యాహ్నం పూట, ఫ్యాను కిర్రుమని ఆగిపోయింది.

“ఏమయ్యా, ఫీజు పోయినట్టుంది. పక్కింటోళ్లను ఎవర్నన్న పిల్సుకొస్త” అంది ఏసమ్మ.

“ఆగు.” ఎడమ చెయ్యి బోర్డు వైపు లేచింది.

“నేనా? నేను ముట్టుకుంటనా దాన్ని? సచ్చిపోత.”

అతను అరచేతిని బోర్లించి మెల్లగా కిందికి దించాడు. మెయిన్ బంద్ చెయ్యమన్నట్టు. ఆమె స్టూలెక్కి మెయిన్ దించింది. పింగాణీ ఫ్యూజు ఊడబీకి అతని దగ్గరికి తెచ్చింది. తీగ ఉండలోంచి రెండు పోగులు కలిపి చుట్టబోతే “ఆగు” అని అరిచాడు. ఒక వేలు చూపించాడు. ఒక్క పోగే. ఎక్కువ చుడితే తీగ తెగదు, ఇల్లు కాలుతుంది. అతను ఇదివరకు ఎవరికో చెబుతుంటే విన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క పోగు చుట్టి, మరలు బిగించి, ఫ్యూజు పెట్టి, కళ్లు మూసుకుని మెయిన్ ఎత్తింది. ఫ్యాను తిరిగింది. ఏసమ్మ స్టూలు దిగి మంచం పట్టె మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ “చూసినవా, నేను గూడ మేస్త్రినైన” అంది. దేవదానం ఎడమ చేత్తో ఆమె మోచేతిని రెండుసార్లు తట్టాడు.

అలా వానాకాలం వరకు గడిచింది. చెప్పుకోవాలంటే అవి మంచి రోజులే.

జూలైలో ముసురు పట్టింది. పెంకుల సందుల్లోంచి నీళ్లు దిగి వసారా గోడ సగం వరకు నల్లబడింది. ఒకరోజు ఏసమ్మ అంట్లు తోమి, తడి చేత్తో గిన్నెల స్టాండు పట్టుకుంటే మోచెయ్యి దాకా జివ్వుమంది. అనుమానం వచ్చి గోడకు వేలు ఆనించింది. గోడ కూడా కొట్టింది. బోర్డు దగ్గర ఏదో మాడుతున్న వాసన వస్తోంది.

ఇంటి ఓనరు శకుంతలకు ఫోన్ చేసింది. వాళ్లది బట్టల దుకాణం, ఉండేది హన్మకొండలో.

“అమ్మా, వసారా గోడ షాక్ కొడ్తాంది. జర మనిషిని పంపు.”

“దేవదానం ఉన్నడు కదా ఏసమ్మా. ఎట్లజెయ్యాల్నో ఆయన్నే అడుగు. వానలు పోనియ్యి, నిమ్మళంగ చూద్దాం.”

దేవదానం బాగున్నప్పుడు కూడా ఆమె మాట అదే. వానలు పోనియ్యి, దసరా పోనియ్యి, పెండ్లి కానియ్యి. వైరింగ్ మొత్తం మార్చాలని అతను ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. అడిగి అడిగి, తనే ఏ ఇంట్లోనో పని అయిపోయాక మిగిలిన వైరు ముక్కలు సంచిలో వేసుకొచ్చి, సాయంత్రాలు చాయ్ తాగాక అతుకులు వేసి నెట్టుకొచ్చాడు. “ఊరందరి ఇండ్లల్ల సక్కగ చేస్తవు, మన ఇంట్ల గిట్లనా?” అని ఏసమ్మ ఎన్నోసార్లు సాధించింది. “మనిల్లు కాదు కదనే” అనేవాడు. అలసిపోయిన మనిషి ఒక్క మాటతో తప్పించుకున్నట్టు ఉండేది ఆ జవాబు.

ఇప్పుడీ పని రేకు పెట్టెతోనూ, ఎడమచేతి సైగలతోనూ అయ్యేది కాదు. ఏసమ్మ చౌరస్తా దగ్గరి ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి ఉదయ్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, పని నేర్చినవాడు, మాట దురుసు. అతను సామాన్ల సంచి దించగానే దేవదానం మంచం మీద కదిలాడు. “ఆగు. ఆగు.” ఏసమ్మ దగ్గరికి వెళ్లి, “నీతోటి కాదు కదయ్యా. గోడ కొడ్తాంది. నాకేమన్నయితే నిన్నెవరు చూస్తరు?” అంది. అతను ఊరుకున్నాడు.

ఉదయ్ మెయిన్ దించి, వసారాలోని బోర్డు విప్పాడు. అటక మీదికెక్కి టార్చి వేసి చూశాడు. దిగి వచ్చి, చేతిలో నల్లగా కాలిన వైరు ముక్క పట్టుకుని, ముందు గదిలో, మంచానికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

“ఎవలు చేసిండ్రు పెద్దమ్మా ఈ పని? మనిషన్నోడు చేస్తడా? చూడు, ఎన్ని అతుకులో. ఎర్రదానికి నల్లది, నల్లదానికి పచ్చది. ఒక్కో అతుకు కాడ కాలింది. గిసొంటోనికి కటింగ్ ప్లేయర్ చేతికియ్యద్దు. మీ పానాలు తీసెటోడు.”

ఏసమ్మ మంచం వైపు చూడలేదు. చూడకుండానే అతను తన వైపు చూస్తున్నాడని తెలిసింది. చెప్పవచ్చు. మా ఇంటాయనే చేసిండు బిడ్డా, ఓనర్లు వైరు కొనియ్యలేదు, ఉన్నదాంతోటి చేసిండు అని చెప్పడానికి ఎంతసేపు? కానీ ఆ కాలిన ముక్క చూస్తే ఆమెకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లు మేస్త్రి భార్యనని చెప్పుకు తిరిగిన మనిషికి ఆ కుర్రాడి ముందు తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఏమో బిడ్డా” అంది. “మేం రాకముందే ఉండె. ఎవలో పాతోళ్లు చేసుకున్నరు.”

“ఎవడో గాని, తాగి చేసిండు” అన్నాడు ఉదయ్.

వసారా లైను పూర్తిగా తెంపేసి, ముందు గది నుంచి కొత్త వైరు ఒకటి లాగి, వంటకు ఒక్క బల్బు ఇచ్చాడు. మొత్తం మార్చాలనీ, ఓనరుకు చెప్పమనీ అనేసి వెళ్లిపోయాడు. ఏసమ్మ చాలాసేపు వసారాలోనే ఉండిపోయింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. తర్వాత అన్నం కలుపుకుని మంచం దగ్గరికి వెళ్లింది.

“ఏమనుకోకు. నోట్లె ఎట్లొస్తే అట్లన్న.”

దేవదానం నోరు తెరిచాడు. పెట్టిన ప్రతి ముద్దా తిన్నాడు. నీళ్లు తాగాడు. “ఆగు” అనలేదు.

మర్నాడూ అనలేదు. వారం గడిచినా అనలేదు. పక్కకు తిప్పితే తిరిగాడు, లేపి కూర్చోబెడితే కూర్చున్నాడు. కోపం చూపిస్తే బాగుండేదనుకుంది ఏసమ్మ. కంచం తోసేసినా బాగుండేది. మధ్యలో ఒకసారి ఫ్యూజు పోయింది. ఆమె స్టూలెక్కి, ఫ్యూజు ఊడబీకి, అలవాటుగా అతని వైపు చూపించింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె ఒక్కతే తీగ చుట్టింది, ఒక్క పోగే. లైటు వెలిగింది. స్టూలు మీద అలాగే నిలబడి ఏడ్చింది.

ఆగస్టు మొదటి ఆదివారం పక్కింటావిడను అతని దగ్గర కూర్చోబెట్టి చర్చికి వెళ్లింది. ఆ రోజు ప్రభు బల్ల, తప్పులు ఒప్పుకున్నవాళ్లే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాల్సిన రోజు. అందరూ వరసగా లేచి వెళ్తుంటే ఏసమ్మ లేవలేదు. పక్కనున్నామె “ఏమైందక్కా” అని అడిగితే మోకాలి నొప్పి అంది. అదీ అబద్ధమే. ఆరాధన అయిపోగానే ఇంటికి రాకుండా సీదా చౌరస్తాకు నడిచింది. ఉదయ్ షాపు మెట్ల మీద కూర్చుని ఫ్యాను మోటారు విప్పుతున్నాడు.

“బిడ్డా, ఆనాడు నువ్వడిగితే నేను అబద్ధం చెప్పిన. ఆ వైరింగ్ మా ఇంటాయన చేసిందే. మంచంల పండుకున్నాయన.”

ఉదయ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. “ఆయనది కరెంటు పనా?”

“దేవదానమంటరు.”

“దేవదానం మేస్త్రా?” అతను లేచి నిలబడ్డాడు. “మా సేటు ఎప్పుడూ చెప్తడు పెద్దమ్మా. ఈ షాపు వైరింగ్ ఆయనదే. ఇరవయ్యేండ్లాయె, ఒక్క మర కూడ విప్పలే మేం.” తర్వాత మాట తగ్గించి, “మరి అక్కడ…” అని ఆగిపోయాడు.

ఏసమ్మ చెప్పింది. ఓనరు సంగతి, సంచిలో తెచ్చిన ముక్కల సంగతి, సాయంత్రాల సంగతి. ఉదయ్ అంతా విని, “ఆయన ముంగటనే అన్న కదా నేను” అన్నాడు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం పిలవకుండానే వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

“పెద్దనాయినా, తప్పయింది. తెల్వక అన్న.”

దేవదానం పెంకుల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఉదయ్ మళ్లీ మెల్లగా అన్నాడు. “మెయిన్ కాన్నుంచి పెరట్ల బాత్రూముకు పొయ్యే లైను దొరుకుతలేదు. నువ్వేసిందే కదా. యాడికెల్లి తీస్కపోయినవో జర చూపియ్యి.”

దేవదానం పెంకుల మీంచి చూపు దించి ఉదయ్ వైపు చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి లేచింది. “ఆగు” అన్నాడు దేవదానం.

ఏసమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పదిహేను రోజులు దాటాక విన్న మాట. ఆ చెయ్యి ఏ సందేహమూ లేనట్టు, వీధివైపు గోడను చూపించింది. కిటికీ పక్కన, నడుమెత్తున.

ఆ గోడలో ఏ లైనూ లేదు. ఏసమ్మకు తెలుసు. బాత్రూము లైను అతను అటక మీదుగా తీసుకెళ్లాడు. ఆనాడు నిచ్చెన పట్టుకుని నిలబడింది ఆమే. ఉదయ్‌కూ తెలుసు. అటకంతా తిరిగి చూసినవాడే, అడగడానికి ఒక వంక కావాలి కాబట్టి అడిగాడు. అయినా లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, దేవదానం చూపించిన చోట స్క్రూడ్రైవర్‌తో గీకాడు. సున్నం రాలింది. ఇంకాస్త లోతుగా గీకాడు. లోపల ఇటుక. అతను వెనక్కి తిరిగి ఏసమ్మ ముఖం చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

దేవదానం ఎదురుచూస్తున్నాడు. పనివాడు తను చెప్పిన చోట చెయ్యి పెట్టాక మేస్త్రి ఎదురుచూసినట్టు.

“ఆఁ, దొరికింది పెద్దనాయినా” అన్నాడు ఉదయ్. “ఈడనే ఉన్నది.”

దేవదానం చెయ్యి దించి దుప్పటి మీద పెట్టుకున్నాడు. మూతి సగం పక్కకు జరిగింది.

ఏసమ్మ వసారాలోకి వెళ్లి పైట నోట్లో కుక్కుకుంది. చెయ్యి పోయింది, కాలు పోయింది, మాట పోయింది. అవన్నీ డాక్టర్లు చెప్పినవే. పని మాత్రం లోపల చెక్కుచెదరకుండా ఉందనుకుంది ఇన్నాళ్లూ. ఏ ఇంట్లో ఏ వైరు ఎటు పోతుందో చీకట్లో చెప్పగల మనిషి, తన ఇంటి గోడనే మరిచిపోయాడు. అది అతనికి తెలియదు. తెలియకపోవడమే నయమని అనుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత ఉదయ్ ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఏదో ఒకటి అడిగేవాడు. ఈ ఫ్యాను ఎందుకు మెల్లగ తిరుగుతాంది, ఈ స్విచ్ యాడిది. దేవదానం ఒకసారి సరిగ్గా చూపించేవాడు, ఒకసారి చూపించేవాడు కాదు. ఎటు చూపించినా ఉదయ్ అటే వెళ్లేవాడు. వీధి గోడ నిండా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. వెళ్లేముందు ఉదయ్ నిజంగా చేయాల్సిన పని చేసి పోయేవాడు. ఏసమ్మ చాయ్ ఇచ్చేది. వాళ్లిద్దరూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

దేవదానం మళ్లీ “ఆగు” అంటున్నాడు కదా అని ఆమె ఒకరోజు పట్టె మీద కూర్చుని అడిగింది. “ఆనాడు నేనన్నదానికి నీకు కోపం పోయిందా?” అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏ కోపం, ఎవరన్నారు అన్నట్టున్నాయి ఆ కళ్లు. క్షమించాడో, మరిచేపోయాడో. అడిగి తెలుసుకునే దారి లేదు. మరిచిపోయుంటే ఇక క్షమించేవాడు కూడా లేడు. ఆమె అతని ఎడమ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సెప్టెంబరు చివర, వాన వెలిసి ఎండ కాసిన ఒక పొద్దున, ఏసమ్మ అతని ముఖం తుడుద్దామని తడిగుడ్డ తెచ్చేసరికి దేవదానం లేడు. నిద్రపోయినట్టే ఉన్నాడు. దివ్య, అల్లుడు మధ్యాహ్నానికి వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. శవపెట్టెకు ఒక పక్క భుజం పట్టింది ఉదయ్. చౌరస్తా దుకాణాల వాళ్లు పదిమంది దాకా సమాధుల తోటకు వచ్చారు. ఏసమ్మ గుర్తుపట్టలేని ఒక ముసలాయన మట్టి వేసి, “మా మిల్లుల పెట్టిన దీపాలు ఇంక వెలుగుతానే ఉన్నయమ్మా” అని చెప్పి వెళ్లాడు.

మూడోరోజు శకుంతల, కొడుకు సాయితేజను వెంటబెట్టుకుని పరామర్శకు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చుంది. నిజంగానే కళ్లు తుడుచుకుంది.

“దేవదానం ఉన్నన్ని రోజులు ఈ ఇంటి ఫికరే లేకుండె మాకు” అంది. “ఇగ ఈ కొంపను ఎవరు చూస్తరు?”

సాయితేజ నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. దసరా తర్వాత ఇల్లు పడగొట్టి దుకాణానికి గోదాము కట్టుకుంటారట. తొందరేం లేదు, ఒక నెల చూసుకొమ్మన్నాడు. ఏసమ్మ “మంచిది బిడ్డా” అంది. ఆమెకు కోపం రాలేదు. ఆ మాట పదేళ్ల కిందట చెప్పి ఉంటే దేవదానం సాయంత్రాలు మిగిలేవి కదా అని మాత్రం అనిపించింది.

కేసముద్రం రమ్మని దివ్య బతిమాలింది. ఏసమ్మ వెళ్లలేదు. ఫాల్ కుట్టించుకునే వాళ్లంతా ఇక్కడే ఉన్నారు. అతని సమాధీ ఇక్కడే. ఉదయ్ రెండు వీధుల అవతల, కొత్త బిల్డింగ్ మీది అంతస్తులో ఒక గది చూసిపెట్టాడు. సామాన్లు ఆటోలో తనే తెచ్చి పైకి మోశాడు. గదిలో గోడలు గట్టిగా, పొడిగా ఉన్నాయి. నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి, తిప్పితే ఆగుతాయి. ఫ్యాను చప్పుడే లేదు.

సాయంత్రం దివ్య ఫోన్ చేసింది.

“ఇల్లు మంచిగున్నదా అమ్మా? ఏమన్న కరాబైతే ఉదయన్నకు చెప్పు.”

“మంచిగున్నది బిడ్డా. అన్ని మంచిగనే పనిచేస్తానయ్.”

ఫోన్ పెట్టేసి ఏసమ్మ చాయ్ పెట్టుకుంది. అది మరిగేలోపు గదిలో ఒక చుట్టు తిరిగింది. తలుపు, కిటికీ, బోర్డు, నల్లా. ఎక్కడా బిగించాల్సింది ఏమీ లేదు. చాయ్ గ్లాసులో పోసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.